ఎడంచేతి పడవ

గాజువాకలో చేపలన్నీ అమ్మేసి, ఖాళీ తట్ట చంకనేసుకుని నూకాలు బస్సెక్కింది. కండక్టరు రోజూలాగే ముక్కు మూసుకున్నాడు. ఆమె రోజూలాగే అతని పక్క సీట్లోనే కూర్చుంది. ఏళ్ళ తరబడి తట్ట మోసి మెడ బలిసింది, నడినెత్తిన జుట్టు పలచబడింది, చేతుల నిండా చేపముళ్ళు గీరిన చారలు. అందం సంగతి ఆమె ఎవరినీ అడిగింది లేదు. అడగకపోయినా చెప్పే మొగుడొకడు ఉండేవాడు. ఏడాదిగా ఆ మొగుడికి మాట పడిపోయినట్టయింది.

దాలయ్య నోరు బాగానే ఉంది. పోయింది కుడిచెయ్యి. ఒడ్డుకొస్తుండగా కెరటం తెప్పని తిరగేసి కొట్టడంతో దుంగల మధ్య భుజం నలిగింది. ఎముకలు అతుక్కున్నాయి గాని చెయ్యి మళ్ళీ లేవలేదు. రెండు చేతులా తెడ్డు వెయ్యలేనివాడికి తెప్ప మీద చోటుండదు. జాలరిపేట పెద్దలు జాలిపడి అతనికో పని చూపించారు. ఎండుచేపల దగ్గర కూర్చుని కాకుల్ని తోలడం. దాలయ్య కాదనకుండా కర్ర పుచ్చుకున్నాడు. ఆ కాదనకపోవడమే నూకాలుకి ఒళ్ళు మండించింది.

"కాకుల్ని తోలీవోణ్ణి నాను సేసుకోనేదు!" అని పేటంతా వినేలా అరిచింది. మర్నాటి నుంచి చీటీ కట్టింది. ఆ చీటీ డబ్బే ఇవాళ ఆమె బొడ్లో ఉంది.

చేపలరేవు దగ్గర బస్సు దిగేసరికి తమ్ముడు చలమయ్య ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ జ్ఞానశేఖర్ షెడ్డుకి నడిచారు. జ్ఞానశేఖర్ ఒకప్పుడు పోర్టులో మెకానిక్కు. ఇప్పుడు పాత పడవలూ ఇంజన్లూ బాగుచేసి అమ్ముకుంటున్నాడు.

"ఫైబరు పడవ తీసుకోండమ్మా. అందరూ అదే అడుగుతున్నారు" అన్నాడు.

నూకాలు దాన్నొక పక్క ఎత్తి చూడబోయింది. కదల్లేదు. "దీన్ని ఒడ్డుకి లాగాలంటే రోజూ పేటలో మొగోల్లందర్నీ బతిమాలాల. ఒద్దు బాబూ."

మూలన ఒక అల్యూమినియం పడవ బోర్లించి ఉంది. ఔటర్ హార్బరు కట్టిన రోజుల్లో నీళ్ళ లోతు కొలవడానికి తెచ్చారట. అంచులన్నీ సొట్టలు. నూకాలు పట్టుకుని లేపితే ఒక పక్క మోకాలి దాకా లేచింది.

"సత్తు గిన్నిలాగుందప్పా. పేటలో నవ్వుతారు" అన్నాడు చలమయ్య.

"నవ్వనీరా. సత్తు గిన్నిలో గంజి తాగనోడెవుడో సెప్పు."

పడవతో పేచీ లేదు. అసలు చిక్కంతా ఇంజనుతోనే. పడవ వెనక బిగించే ఆ ఇంజనుకి పొడుగాటి పిడి ఉంటుంది. పిడిని అటూ ఇటూ తిప్పితే పడవ తిరుగుతుంది, మెలిపెడితే జోరు పెరుగుతుంది. ఒంటిచేత్తో అయిపోయే పని అని ఎవరో చెప్పగా విన్నది. చెప్పుడు మాట మీద డబ్బు పోసే మనిషి కాదు నూకాలు. షెడ్డులో మూడు ఇంజన్లు పలకకి బిగించి, అడుగుభాగం నీళ్ళ పీపాల్లో మునిగేలా పెట్టి ఉన్నాయి. ఆమె కుడిచేతిని వీపు వెనక్కి పెట్టుకుని, కొంగుతో నడుముకి బిగించి కట్టేసుకుంది.

"ఏటప్పా, సెయ్యి కట్టీసుకున్నావు?"

"మీ బావకి నేని సెయ్యి నాకెందుకురా."

పెద్ద ఇంజనుని అంటించడానికి తాడు లాగితే జానెడు వచ్చి, భుజం ఊడేలా వెనక్కి గుంజుకుంది. రెండోది మొరాయించకుండా అంటుకుంది. కానీ ఒడ్డు దగ్గర ఇసుకకి తగలకుండా ఇంజనుని పైకెత్తాలి కదా, అది లేవలేదు.

"ఆ కొక్కెం ఇంకో చేత్తో నొక్కాలమ్మా" అన్నాడు జ్ఞానశేఖర్.

"ఇంకో సెయ్యుంటే నీకాడికొచ్చీదాన్నేటి బాబూ?"

మూడోది అన్నిటికంటే చిన్నది, రంగు కూడా పోయింది. లాగగా లాగగా బుర్రుమంది. పీపాలో నీళ్ళు ఎగిరి ఆమెను నిలువునా తడిపేశాయి. ఒంటిచేత్తో ఎత్తితే ఎత్తినచోటే నిలబడింది. అల్యూమినియం పడవని వెల్లకిలా తిప్పించి, ఆ ఇంజను దానికి బిగించమంది. బిగించగానే, చేతి కట్టు విప్పకుండానే చీర ఎగదోపుకుని పడవెక్కి కూర్చుంది.

చలమయ్య ముఖం పాలిపోయింది. జాలరిపేట ఆడవాళ్ళు తెప్పని లాగుతారు, కడుగుతారు, పసుపు రాస్తారు. అది ఇసుక మీద ఉన్నా సరే, దాని మీద కాలు మాత్రం పెట్టరు.

"దిగప్పా! ఆడోల్లెక్కితే గంగమ్మ తల్లి ఊరుకోదు."

"గంగమ్మ మాత్రం మొగోడేట్రా?"

ఆమె కుడివైపు అంచున సర్దుకుని, ఎడంచేత్తో పిడి పట్టుకుంది. దాలయ్య ఇక్కడే కూర్చుంటాడు, పనికిరాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటాడు, తల మాత్రం ఎత్తే ఉంచుతాడు. ఆ తలపుకే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. పిడి వదలబుద్ధి కాక కళ్ళు తుడుచుకోలేదు.

"ఇదే" అంది.

సాయంత్రానికి పడవ బండి మీద పేటకొచ్చింది. కర్ర పట్టుకుని కూర్చున్న దాలయ్య దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఒంటిసేత్తోని దీన్నేటి సేత్తానే?"

"నాను ఒంటిసేత్తోనే సూసినాను మావా. ఆ కర్ర ఒగ్గీ."

మర్నాడు చలమయ్యని ముందు కూర్చోబెట్టుకుని దాలయ్య కెరటం దాటాడు. నవ్వడానికి వచ్చినవాళ్ళు నవ్వడం మరిచిపోయారు. పేట దానికి ఎడంచేతి పడవ అని పేరు పెట్టింది. కొన్నేళ్ళు అతను దానిమీదే వేటాడాడు, నూకాలు ఆ చేపలే అమ్మింది. ఒక మధ్యాహ్నం వేట నుంచి వచ్చి, పడవ నీడలో ఎడంచెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

కర్మలయ్యాక పెద్దలు వచ్చారు. "ఆడదానివి, పడవేటి సేసుకుంతావు? నీ తమ్ముడికిచ్చీ" అన్నారు.

తెల్లారి ఎప్పటిలాగే తట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డుకొచ్చింది. చేపల కోసమే అనుకున్నారంతా. ఆమె తట్ట దించి, పడవని నీళ్ళలోకి నెట్టి, ఎక్కి కూర్చుంది.

"పెద్దోల్లు సూత్తన్నారప్పా" అన్నాడు చలమయ్య.

"సూడనీ. నానీ పడవెక్కి సాన్నాల్లయింది. నువ్వొత్తావా, రావా?"

అతను పెద్దలవైపు చూశాడు, అప్పవైపు చూశాడు, ఒక్క దూకు దూకి ముందు కూర్చున్నాడు. నూకాలు ఎడంచేత్తో తాడు లాగింది. రెండు చేతులూ బాగున్న మనిషే అయినా, ఆమె కుడిచెయ్యి దాలయ్య చెయ్యిలాగే ఒళ్ళో ఉండిపోయింది. పడవ మొదటి కెరటం ఎక్కి, దిగి, రెండోదానికి ఎదురెళ్ళింది.

ఒడ్డున ఇసుకలో ఆమె తట్ట ఉంది, అందులో నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట ఉంది, తట్ట అంచు మీద ఒక కాకి వాలి, తోలేవాళ్ళెవరూ లేక, ఎండిన పొలుసుల్ని తీరిగ్గా పొడుచుకుంటోంది.