గుప్పెడు గూడు

అక్క పోయాక ఆమె కూతుర్ని పిన్ని తన ఇంటికి తెచ్చుకుంది. వచ్చీ రాగానే సంచీలోని బట్టలు, దుప్పటి, దిండు గలీబు అన్నీ వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఆరేసింది. ప్రయోగశాలలో చిట్టెలుకల గదిని చూసుకునే మనిషి, శుభ్రం ఆమెకు ఒంట్లో కలిసిపోయిన అలవాటు. ఆనాటి నుంచి పిల్లకు కంటి మీద కునుకు లేదు. పక్కలో వేసుకుంటే గోడ వైపు తిరిగి బిగుసుకుపోతుంది.

ఆ ఉదయం కేజ్‌లు మార్చే పని పడింది. కొత్తగా చేరిన అమ్మాయి చిట్టెలుకలను తోక పట్టి లేపకుండా గొట్టంలోకి ఎక్కించి, కడిగిన కేజ్‌లోకి జాగ్రత్తగా దించింది. తర్వాత పాత రంపపు పొట్టుతో పాటు గూటిని కూడా చెత్తసంచీలో కుమ్మరించబోయింది.

"ఆగమ్మా. పొట్టు పారెయ్, గూడు కాదు. ఆ కాగితం పీలికలు పొడిగా ఉన్నవి గుప్పెడు తీసి కొత్తదాంట్లో పెట్టు."

"మురికి కదక్కా? ఇల్లు మారితే పాత చెత్త మూటగట్టుకుని పోతామా?"

"వాటికది చెత్త కాదే. తమ వాసన లేకపోతే ఊరు కాని ఊళ్లో దిగినట్టు బెదిరిపోతాయి. ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి."

"అలాగా! నువ్వూ బావగారి పాత చొక్కా దిండు కింద పెట్టుకుంటావా ఏంటి?"

నవ్వబోయిన పిన్ని ఆగిపోయింది. తీసి చూపిస్తున్న పీలికలు చేతిలోనే ఉండిపోయాయి.

"ఏంటక్కా, కరిచిందా?"

"లేదులే. మూత పెట్టు."

ఇంటికి వెళ్లి బీరువా తెరిచింది. చీరల వెనక, మూతి బిగించిన కవర్లో అక్క శాలువా ఉంది. అదొక్కటే ఉతకలేదు, తన కోసం దాచుకుంది. వాసన అయిపోతుందేమోనని ఎప్పుడు తీసినా ఎక్కువసేపు తెరిచి ఉంచేది కాదు. పిల్ల చేతికిస్తే నాలుగు రోజుల్లో ఏమీ మిగలదు. కవరు పట్టుకుని కాసేపు మంచం మీద కూర్చుంది. తర్వాత ముడి విప్పింది.

ఆ రాత్రి పక్కలో పిల్ల శాలువాలో మొహం పెట్టుకుంది. కొంచెంసేపటికి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"పిన్నీ, దీన్ని ఉతుకుతావా?"

"ఉతకను. పడుకో."

తెల్లారేసరికి శాలువాకు చొంగ, తలనూనె వాసన పట్టేశాయి. పిన్ని దాన్ని మడిచి, నిద్రపోతున్న పిల్ల దిండు కింద పెట్టి పనికి వెళ్లింది.