సరస్సు గదికి దారి

ఏప్రిల్ చివరి వారం. సరస్సు మీది మంచు నల్లబడింది. అంటే ఇక ఏ పూటైనా కదిలిపోతుంది. ఆ చప్పుడు ముందు ఎవరు వింటే వారే గెలిచినట్టని హిల్కాకూ ఆమె భర్త ఒస్మోకూ పెళ్లైన ఏటి నుంచీ పందెం. ఓడినవారు ఆ ఏడాది తొలి ఆవిరి స్నానానికి సౌనా గదిలో పొయ్యి వెలిగించాలి. ఒస్మోకి చెవి కాస్త మందం. పాపం, ఒక్క ఏడూ గెలవలేదు.

ఈసారి అతను నాలుగు వందల కిలోమీటర్ల అవతల, హెల్సింకిలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. రేపు పొద్దున గుండెకు ఆపరేషన్. మత్తు ఇచ్చేలోగా మంచు కదిలే చప్పుడు వినాలని ఉందన్నాడు. అతను ఏదైనా అడగడమే అరుదు. అందుకే హిల్కాకి భయం వేసింది.

నీళ్లలో మైకు అతనే ఎప్పుడో వేలాడదీశాడు. సౌనా పక్కనున్న చిన్న కంప్యూటర్‌లోకి ఆ ధ్వని వస్తూనే ఉంటుంది, కానీ అది ఇల్లు దాటదు. దాటించాలంటే గుమ్మంలో ఒక ద్వారపాలకుడు కావాలి. బయటి నుంచి వచ్చినవారు ఏ పేరు అడిగితే ఆ గదికి తీసుకెళ్లి, దారంతా తాళం వేసి కాపాడే ప్రోగ్రాం. రివర్స్ ప్రాక్సీ మేనేజర్ అంటారు దాన్ని. లినక్స్ కంటైనర్ అనే విడి గదిలో దాన్ని కూర్చోబెట్టాలని ఒస్మో ఒక కాగితం మీద కోడిగీతలు గీసి వెళ్లాడు.

హిల్కా ముప్పై ఏళ్లు ఆ ఒడ్డునే ఉత్తరాలు పంచిన మనిషి. కాగితం చూస్తూ, కళ్లద్దాలు తుడుచుకుంటూ, మధ్యాహ్నానికి గది కట్టింది, ద్వారపాలకుణ్ణి కూర్చోబెట్టింది, పేజీ అడ్రసు పక్కన తాళం గుర్తు కూడా తెప్పించింది. ధ్వని ఎక్కడుందని అడిగిన చోట 127.0.0.1 అని, అంటే 'ఇక్కడే' అని రాసింది. అన్నీ ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి కదా అనుకుంది. పేజీ తెరిస్తే అవతల ఎవరూ పలకలేదని చెప్పే 502 అన్న అంకె తప్ప ఇంకేమీ లేదు. ఆపి, మళ్లీ మొదలుపెట్టినా అదే.

కిటికీలోంచి ఎండ చేతుల మీద పడుతోంది. కళ్లు మూతలు పడ్డాయి. పాత నీలం కోటు వేసుకుని, సంచీ భుజాన పెట్టుకుని తెల్లటి మంచు మీద నడుస్తోంది. చేతిలో ఒక్క ఉత్తరం. నడిచి నడిచి ఒక తలుపు కొట్టింది. అది తన ఇల్లే. తాను బయట ఉంటే లోపల ఎవరు పలుకుతారు?

ఉలిక్కిపడి లేచి ఒస్మోకి ఫోన్ చేసి, రాసిన అంకె చదివింది.

"ఆ నంబరు ఏ గదిలో రాస్తే ఆ గదిదే అవుతుందే. పాపం ఆ ద్వారపాలకుడు పొద్దుట్నుంచీ తన తలుపు తానే కొట్టుకుంటున్నాడు. పోస్టుమనిషివి, నువ్వే తప్పు అడ్రసు రాస్తే ఎలా?"

ముందు నీ కోడిగీతల సంగతి చూసుకోమని ఆమె కసిరింది. ధ్వని ఉన్న గదికి ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న అసలు నంబరు వెతికి రాసింది. అవతల ఒస్మో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నీళ్లు వినసాగాడు.

ఫోన్ పట్టుకుని ఆమె రేవు చెక్కల మీదికి వెళ్లి కాలితో ఒకసారి తట్టింది. నాలుగు అంకెలు లెక్కపెట్టాక గానీ అతను "ఆఁ, తట్టావు" అనలేదు. ధ్వని అక్కడికి చేరడానికి అంత సేపు పడుతోంది.

నాలుగింటికి గాలి తిరిగింది. దూరాన చేతినిండా గాజులు కదిలినట్టు గలగల, తర్వాత పొడుగాటి మూలుగు. మంచు కదిలింది. అలవాటు కొద్దీ కేక నోటిదాకా వచ్చింది. హిల్కా పెదవి కొరుక్కుంది. ఫోన్‌ని కోటు లోపలికి తోసి గుండెకు అదుముకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అప్పుడు తీసి చెవికి పెట్టుకుంది.

"హిల్కా, వెళ్లిపోతోంది." అన్నాడతను. "నేనే ముందు విన్నాను. నీకు వినపడిందా?"

ఆమె చెంపల మీంచి నీళ్లు కారిపోతున్నాయి. ఎదురుగా సరస్సు సగం తెరుచుకుని మెరుస్తోంది.

"లేదు, నాకింకా ఏమీ వినపడలేదు" అంది.

"అయితే ఈ ఏడు పొయ్యి నువ్వే వెలిగించాలి."

"వెలిగిస్తాలే. గెలిచినవాడు వచ్చి కూర్చోవాలి మరి."