పేరు చెప్పని ఆకు

రెండు వారాలకొకసారి, మంగళవారం నాడు, ఆరో నంబరు గదిలో సుహాసిని అదే ప్రశ్న అడిగేది.

"గోలీలు కాకుండా ఇంకేమన్న వాడుతున్నరా అమ్మా? ఆకు మందులు, పసర్లు, భస్మాలు, ఎవరన్న ఇచ్చిన పొడులు?"

నల్లగొండలోని ఆ దవాఖానలో కిడ్నీ జబ్బుకు ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. నలభై మంది రోగులు, ఒక డాక్టరు, ఒక నర్సు. ఆ నర్సే సుహాసిని. ఆ నలభై మందిలో కమలాకర్ భార్య నవనీత ఒకతె. ఆ గోలీలు పనిచేస్తే డయాలసిస్ కొన్నేళ్ళు వెనక్కి పోతుందని డాక్టర్ ప్రేమ్‌సాగర్ మొదటి రోజే చెప్పాడు. పనిచేయకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

నాలుగు నెలలపాటు నవనీత ఆ ప్రశ్నకు "లేదమ్మా" అనే చెప్పింది. నాలుగు నెలలూ అది నిజమే.

అయిదో నెలలో ఆమె కాళ్ళకు మళ్ళీ నీరు పట్టింది. చెప్పుల పట్టీలు పట్టలేదు. కమలాకర్ పట్టీలకు ఇంకో రంధ్రం పొడిచాడు. అదీ చాలలేదు. అప్పుడు ఎవరో పానగల్‌లో మారెమ్మ ఇచ్చే పసరు సంగతి చెప్పారు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, భార్యను బండి వెనక కూర్చోబెట్టుకుని పానగల్‌కు పోయాడు.

మారెమ్మ కూలికి పోయే ముసలామె. పసరుకు పైసా తీసుకోదు. ఇంటి వెనక్కి పోయి, వీళ్ళకు వీపు పెట్టి, ఆకు నూరి, కొబ్బరినీళ్ళలో కలిపి తెచ్చింది.

"నలభై ఒక్క దినాలు తాగాలె. రోజు పొద్దుగాల వచ్చి తీస్కపో సారూ. ఏం ఆకని నన్ను అడుగొద్దు. నీకు తెలిసినా నోటితోని అనొద్దు. తాగుతున్నమని ఎవ్వలకు చెప్పొద్దు. పేరు బయట వడ్డదంటె మందు చచ్చిపోతది. మా అత్త నాకు ఒట్టు పెట్టిచ్చుకుని ఇచ్చింది."

అడగాల్సిన పనే లేదు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే కమలాకర్‌కు తెలిసిపోయింది. ఏటా పిల్లలతో హెర్బేరియం కాగితాలకు అంటింపజేసిన ఆకే. వానలు పడితే ఊళ్ళో జనం పప్పులో వేసుకుని తినే ఆకే. కూరగా తినేది మందుగా తాగితే ఏమవుతుంది అనుకున్నాడు. కొబ్బరినీళ్ళు వద్దని డాక్టరిచ్చిన కాగితంలో ఉన్నమాట గుర్తొచ్చింది. ఒక్క గ్లాసే కదా అనుకున్నాడు.

దారిలో నవనీత వెనక నుంచి నవ్వింది. "బాట పొంటి గడ్డి కనవడితె బండి ఆపి లాటిన్ల పేరు వెట్టి పిలుస్తవు గద. గీ ఒక్కదాని పేరు నోట్లెకెల్లి వస్తలేదేంది సారూ?"

"నీ కాళ్ళు మంచిగైనంక చెప్త."

"అయితె జల్ది చెప్పేటట్లే ఉన్నవ్."

వారం తిరిగేసరికి నిజంగానే నీరు తగ్గింది. చెప్పులు పాత రంధ్రానికి వచ్చాయి. పసరు తగ్గించిందో, గోలీలు తగ్గించాయో, రెండూ కలిసి తగ్గించాయో కమలాకర్ ఆలోచించలేదు. ప్రయోగంలో ఒకేసారి రెండు మార్చకూడదని పిల్లలకు చెప్పిన మనిషే. ఆ సాయంత్రం ఆమె చాలా రోజులకు మేడ మీదికి ఎక్కి బట్టలు ఆరేసింది. అది చూస్తూ కూర్చున్నాడు. అంతే.

మధ్యలో ఒక మంగళవారం "లేదమ్మా" అనడంతోనే దాటిపోయింది. ఇరవై అయిదో రోజు మళ్ళీ మంగళవారమైంది. సుహాసిని రక్తం రిపోర్టు చూసి నుదురు చిట్లించింది.

"పొటాషియం పెరిగిందమ్మా. కొబ్బరినీళ్ళు తాగుతున్నరా? ఏమన్న పసరు?"

నవనీత నోరు తెరిచింది. చెప్పబోతోందని కమలాకర్‌కు తెలిసింది. బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుని ఒత్తాడు. ఇంకా పదహారు రోజులే.

"లేదమ్మా" అంది నవనీత. లేచి పోతూ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"శుక్రవారం మళ్ళ రండి. ఇంకోసారి రక్తం తీస్త" అంది సుహాసిని.

ఆ శుక్రవారం రానే లేదు. గురువారం పొద్దున గ్లాసు ఖాళీ చేసి, చాటలో బియ్యం పోసుకుని కూర్చున్న నవనీత, "కాళ్ళు బరువైతున్నయి, లేవస్తలేదు" అంది. ఆయన మంచినీళ్ళకు లోపలికి పోయి వచ్చేసరికి చాట ఒళ్ళోనే ఉంది. ఒక్క గింజ కూడా కింద పడలేదు. పొటాషియం బాగా పెరిగి గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. గోలీల వల్లనే కావచ్చు, కాకపోవచ్చు అన్నారు. తేలేదాకా మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ ఆపుతామన్నారు.

కమలాకర్ ఆ మాట విన్నాడు. పసరు సంగతి చెప్పకుండానే కాగితాల మీద సంతకం పెట్టాడు.

పదకొండో రోజు అయిపోయి వారం దాటాక మల్లిక ఫోన్ చేసింది. మల్లిక పోచంపల్లిలో మగ్గం నేసే పడుచు. ఆరో నంబరు గది ముందు బెంచీ మీద నవనీత పక్కన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు పంచుకునేది. ఆ గోలీలు మొదలయ్యాకే మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోగలిగింది.

"సారూ, అక్కకు గట్ల ఎందుకైందో చెప్పిండ్రా? నాకు గోలీలు బంద్ చేసిండ్రు. ఇరవై దినాలైతాంది. మొకమంత ఉబ్బింది. గా గోలీ చెడ్డదంటున్నరు గని, నాకు మంచిగనే పడ్డది సారూ. మీరు సదువుకున్నోళ్ళు, జర అడుగుండ్రి."

"అడుగుత బిడ్డా" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ రోజు పోలేదు. మరునాడూ పోలేదు. పోయి చెప్పడమంటే, నవనీతను చంపింది తన చెయ్యేనని తన నోటితో తాను అనడం. చెప్పకపోవడమంటే, ఆ నేరాన్ని ఒక గోలీ మీద వేసి ఊరుకోవడం. ఆరో రోజు పోయాడు.

"గలిజేరు" అన్నాడు డాక్టరు ముందు కూర్చోగానే. ఇన్నాళ్ళకు ఆ పేరు నోట్లోంచి వచ్చింది. "గలిజేరు ఆకు పసరు. కొబ్బరినీళ్ళల్ల. రోజూ ఒక గ్లాసు, ఇరవై ఏడు రోజులు. ఆమె చెప్పబోయింది డాక్టర్ సాబ్. నేను చెప్పనియ్యలేదు."

ప్రేమ్‌సాగర్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆకు పేరు, రోజులు, గ్లాసు కొలత, అన్నీ రాసుకున్నాడు.

"దాంట్లో పొటాషియం ఎక్కువ. కొబ్బరినీళ్ళలోనూ అంతే. మీ మాట పైకి పంపిస్త సార్. వాళ్ళ కమిటీ కూర్చోవాలె, కాగితాలన్నీ మళ్ళీ చూడాలె. మూడు నాలుగు నెలలు పడుతది."

"మరి మల్లికకు?"

డాక్టరు కలం మూత పెట్టాడు. "మొన్న డయాలసిస్ మొదలుపెట్టినం."

కమలాకర్ రోజులు లెక్క చూసుకున్నాడు. ఫోన్ వచ్చిన నాడే వచ్చి ఉంటే? అప్పుడూ మూడు నాలుగు నెలలే పట్టేది. ఆ సమాధానంలో కూడా ఆయనకు నిలబడే జాగా దొరకలేదు.

వరండాలో సుహాసిని ఎదురొచ్చి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఆయన తాగేదాకా పక్కనే నిలబడింది.

"అమ్మ ఆ రోజు వెనక్కి తిరిగి చూసింది సార్. నాకు అనుమానమొచ్చింది. పక్కకు పిలిచి అడగాల్సిండె. అడగలేదు."

తన నేరంలోంచి ఒక ముక్క విరిచి ఆ పిల్ల తన కొంగున కట్టుకోవాలని చూస్తోందని ఆయనకు అర్థమైంది. "నీది తప్పు లేదమ్మా" అన్నాడు. ఆ ముక్కను ఆమెకివ్వలేదు గానీ, అడిగినందుకు చెయ్యెత్తి దండం పెట్టాడు.

అక్కణ్ణుంచి తిన్నగా పానగల్ పోయాడు. మారెమ్మ అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు మారయ్యట. పాదాలు నవనీత పాదాల్లాగే ఉబ్బి ఉన్నాయి. మారెమ్మ గ్లాసుతో ఇంటి వెనక నుంచి వస్తూ ఆగింది.

"ఏంది సారూ, ఇన్ని దినాల సంది వస్తలేవు? అమ్మ ఎట్లున్నది?"

"అమ్మ పోయింది మారెమ్మా."

ఆమె అట్లనే కూలబడింది. కొంగుతో మొఖం తుడుచుకుంది. "మండలం నిండకముందే? ఎవలకన్న చెప్పినవా ఏంది?"

నిజం చెప్పాలనే వచ్చాడు. ఆమె చేతులు చూశాడు. వేళ్ళ సందుల్లో ఆకుపచ్చ మరక. పైసా అడగని చేతులు.

"చెప్పిన" అన్నాడు. "ఆకు పేరు చెప్పిన. దవాఖానల అందరికి తెలుసు. కాగితం మీద రాసుకున్నరు." ఒక్క క్షణం ఆగి, "కిడ్నీలు ఖరాబైనోళ్ళకు అది ఇయ్యొద్దు మారెమ్మా, కొబ్బరినీళ్ళు గూడ..."

ఆమె ఆ మాట వినిపించుకోనే లేదు. "ఎంత పని జేసినవ్ సారూ! మా అత్త నా చేతుల వెట్టిన మందు. సదువుకున్నోనివి, నోరు కట్టుకోలేకపోయినవా? పెండ్లాన్ని నువ్వే సంపుకున్నవ్ గద!"

"అవును" అన్నాడు కమలాకర్. "నేనే."

మారెమ్మ గ్లాసును గడప బయట గుమ్మరించింది. "ఇగ అది ఉత్త గడ్డే. ఎవ్వలకియ్యను" అంది. పచ్చటి నీళ్ళు మట్టిలోకి ఇంకిపోయాయి.

మారయ్య లేచి నిలబడ్డాడు. ఆయన చూపులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. "మూడూర్లు దాటి వచ్చిన అయ్యా. ఇగ నేనేడికి పోవాలె?"

"దవాఖానకు పోదాం పా. నేను తోల్కపోత."

ఆరో నంబరు గదిలో ఇప్పుడు గోలీలు లేవని ఆయనకు తెలుసు. అయినా మారయ్య చెప్పులు తీసుకుని, వంగి, ఆ ఉబ్బిన పాదాలకు తొడిగాడు. పట్టీ అందలేదు. వదులుగానే వదిలేశాడు.

బండి దాకా నడిచే బాట పొడుగునా, మొన్నటి వానకు, గలిజేరు నేలనంటి పాకి ఉంది. కమలాకర్ దాన్ని తొక్కకుండా, మారయ్య మోచెయ్యి పట్టుకుని, పక్కనుంచి నడిపించాడు.