జనరల్ గారి పస్తులు

కెల్లోకోచ ఊళ్లో యుసేబియాని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెళ్లయి వచ్చి ఏళ్లు గడిచినా ఆమె అందరికీ "కొండవతలది". పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆమె ఉన్ని జీవాలు, ఆ పొడుగు మెడల అల్పకాలు, "కొండవతలవి". వాటికి పుట్టిన పిల్లలు ఈ గడ్డే మేసి, ఈ మంచులోనే తడిసి పెరిగినా సరే, అవీ కొండవతలవే. ఆ మాట విన్న ప్రతిసారీ యుసేబియాకి ఒళ్లు మండేది.

ఆ మంట చల్లారే దారి ఆమెకి ఒక్కటే కనిపించింది. ఏటా కార్నివాల్ పండక్కి ఊరంతా కలిసి ఒక పోతును ఎంచుతుంది. ఆ ఏడు ఉమ్మడి మందలోని ఆడవాటన్నిటికీ అదే మగడు. యుసేబియా పోతు చాస్కాని గనక ఎంచితే, వచ్చే ఏటికి ఊళ్లో పుట్టే పిల్లలన్నీ దానివే. అప్పుడు దేన్ని చూపించి కొండవతలదంటారో చూద్దామని ఆమె పంతం.

పోతును ఎంచేది ఉన్నిని బట్టి. ఎంత సన్నగా, మెత్తగా ఉంటే అంత గొప్ప. చిక్కేమిటంటే, బాగా మేపితే ఉన్ని దొడ్డుబారుతుంది, కడుపు మాడిస్తే సన్నబడుతుంది. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. తెలిసిందల్లా చేసి తీరాలనుకునేవాళ్లు మాత్రం కొందరే ఉంటారు. యుసేబియా తోడికోడలు ఎర్మెలిందా ఆ కొందరిలో మొదటిది.

ఎర్మెలిందా పోతు పేరు జనరల్. నిరుడు ఉన్ని కత్తిరించిన నాటి నుంచి దాన్ని దొడ్లో కట్టేసి, గుట్టల మీద పెరిగే గరుకు ఈచు గడ్డి తప్ప ఇంకోటి దాని నోటికి తగలనివ్వలేదు. కిందనున్న చిత్తడి పచ్చికలో మంద మేస్తుంటే జనరల్ గోడ మీంచి మెడ చాచి వాసనతోనే సరిపెట్టుకునేది.

యుసేబియా పద్ధతి వేరు. పొద్దున గడ్డి మీద మంచు కరిగేదాకా చాస్కాని బయటికి వదిలేది కాదు, మంచు గడ్డి తింటే కడుపు పట్టేస్తుందని. ఎండెక్కాక చిత్తడి పచ్చికలో మేపేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక చంకెడు ఎండు ఓట్స్ గడ్డి. ఆ ఓట్స్ ఆమె పాత దొడ్లో, ఏళ్ల తరబడి పేరుకున్న పెంట మీద చల్లి పెంచింది. కింది లోయ నుంచి లారీలో వచ్చే లూసర్న్ గడ్డి జోలికి మాత్రం పోలేదు. అది పచ్చిది మెక్కిన పోతు పొట్ట డోలులా ఉబ్బడం చిన్నప్పుడు పుట్టింట్లో కళ్లారా చూసింది.

"ఏం మేపుతున్నావే? పోతునా, పందినా?" అంది ఎర్మెలిందా ఓ రోజు గోడ మీంచి.

"పోతునే అక్కా. మీ జనరల్ ఏడీ? పక్కనుంచి చూస్తే కనిపిస్తాడు గానీ, ఎదురుగా నించుంటే కనపడట్లేదు."

"మాటలకేంలే. పండగనాడు నికాసియో తాత వేళ్లు చెబుతాయి."

నికాసియో ఊరిపెద్ద. కళ్లు మసకబారినా, ఉన్ని విషయంలో ఆయన వేళ్ల మాటకి తిరుగులేదు. యుసేబియా మొగుడు మెలితోన్‌కి ఈ సంగతి చెవిన పడగానే బెంగ పట్టుకుంది. మంచివాడే, కాకపోతే వదిన గొంతు వింటే సగమైపోతాడు.

"పండగింకా రెణ్ణెల్లుంది. ఆ ఓట్స్ మానేద్దామే. కనీసం మొదళ్లలోనైనా ఉన్ని సన్నబడుతుంది" అన్నాడు. "కాస్త కడుపు కాలితే చచ్చిపోదులే. ఆ పేరు పోవాలని ఎన్నాళ్లుగా ఏడుస్తున్నావు నువ్వు."

ఆ చివరి మాట సూటిగా తగిలింది. మర్నాడు యుసేబియా చాస్కాని దొడ్లో కట్టేసి, ముందు ఇంత ఈచు గడ్డి పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చేసరికి గడ్డి అలాగే ఉంది. చాస్కా ఆమె ఖాళీ చేతులు వాసన చూసింది. శాలువా కింద దాచిందేమోనని అక్కడా మూతి పెట్టి వెతికింది. ఆట అనుకున్నట్టుంది. తర్వాత ముక్కుతో సన్నగా "మ్ఁ... మ్ఁ..." అని మూలగడం మొదలుపెట్టింది. యుసేబియాకి తనని చూసుకుంటే తనకే అసహ్యమేసింది. కొట్టంలోకి వెళ్లి, రోజూ ఇచ్చేదానికంటే ఎక్కువే తెచ్చి పడేసింది.

"అదేంటే?" అన్నాడు మెలితోన్.

"దీని కడుపు కొట్టి నాకు పేరొద్దు. కొండవతలదాన్నయితే అలాగే ఉంటాను."

"మళ్లీ నా దగ్గర ఏడవకూడదు మరి."

"ఏడుస్తాను. అది నా ఇష్టం."

పండగనాడు నికాసియో ఒక్కో పోతు డొక్క మీద ఉన్ని విడదీసి, కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. చాస్కా దగ్గర తలూపాడు. జనరల్ దగ్గర మైమరచి నిట్టూర్చాడు. ఎర్ర రిబ్బను జనరల్ మెడకి కట్టారు. ఎర్మెలిందా ఊరందరి వంకా చూసి, చివర్న యుసేబియా వంక కాస్త ఎక్కువసేపు చూసింది. యుసేబియాకి కళ్లు చెమ్మగిల్లాయి. చాస్కా వీపు నిమురుతూ, పండగ మంటల పొగ కళ్లలో పడిందని అబద్ధమాడింది.

గెలిచిన పోతును అప్పటికప్పుడే ఆడవాటి దొడ్లోకి వదలడం ఆనవాయితీ. పిల్లనగ్రోవులు మోగాయి. గోడ చుట్టూ చేరి అందరూ శుభమని దొడ్లోకి కోకా ఆకులు చల్లారు. లోపల ఆడవి మెడల్లో పసుపుపచ్చ పూలదండలతో ముస్తాబై ఉన్నాయి. జనరల్ ఠీవిగా మొదటిదాని దగ్గరికి నడిచింది. అది సరేనన్నట్టు ఒద్దికగా మోకాళ్ల మీద కూర్చుంది. జనరల్ వంగి దాని మెడలోని దండ తినేసింది. తర్వాత రెండోదాని దండ తినేసింది.

"జనరల్ గారు సైన్యాన్ని తనిఖీ చేస్తున్నారర్రా" అన్నాడెవడో. గోడ చుట్టూ నవ్వులు లేచాయి. మూడోది దండ ఇవ్వడం ఇష్టంలేక మొహాన పచ్చగా ఉమ్మింది. జనరల్ అదేమీ పట్టించుకోకుండా, రాలిన కోకా ఆకులు ఏరుకుంటూ మూలకి పోయి కూర్చుంది.

"సిగ్గుపడుతున్నాడు" అంది ఎర్మెలిందా.

"సిగ్గు కాదమ్మా, ఆకలి" అన్నాడు నికాసియో. "దాని ఉన్ని పట్టి చూశాను గానీ కడుపు పట్టి చూడలేదు. తప్పు నాదే."

సరిగ్గా అప్పుడే బయట కట్టేసిన చాస్కా గొంతెత్తింది. పోతుకి ఆడదాని మీద మనసైనప్పుడు చేసే గరగర శబ్దం అది. ఆడవన్నీ ఒక్కసారి అటు తిరిగాయి.

"ఆ అరిచేది ఎవరిది?" అన్నాడు నికాసియో.

"కొండవతలదానిది, తాతా" అన్నారెవరో.

"ఏ కొండ? ఇంత బలంగా అరుస్తోందంటే మన గడ్డి తిన్నదే. తలుపు తియ్యండి."

ఆ తర్వాత జరిగింది చూసి ఆడవాళ్లు శాలువాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. యుసేబియా ఏ అడ్డమూ లేకుండా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

మర్నాడు ఎండెక్కాక ఎర్మెలిందా వాకిట్లోకొచ్చింది. చేతిలో తాడు, తాడు చివర జనరల్. ఏడాదిగా ఆవిడ దెప్పిన వాటన్నిటికీ బదులు మాటలు యుసేబియా నోటి దాకా వచ్చాయి. ఈలోగా జనరల్ ఓట్స్ వాసన పట్టి ఆమె శాలువాలో మూతి దూర్చింది. ఆ మాటలు అక్కడే ఆగిపోయాయి.

"ఎంత పెడతావు రోజుకి?" అంది ఎర్మెలిందా, నేల చూస్తూ.

"దీనికి ముందు కొంచెంకొంచెంగా పెట్టాలక్కా. ఒక్కసారే పెడితే తట్టుకోలేదు."

గడ్డి తెచ్చేలోపు జనరల్ ఆగలేదు. మెడ తిప్పి తన ఎర్ర రిబ్బను కొస అందుకుని నమలడం మొదలుపెట్టింది. యుసేబియా లాగబోయింది.

"తిననీ యుసేబియా" అంది ఎర్మెలిందా. "దానికి అదైనా దక్కనీ."