ఇరవై వెల్లుల్లి ముక్కలు

నవంబరు వచ్చిందంటే మా కొట్టులో వెల్లుల్లి ఖర్చు రెట్టింపవుతుంది. గ్వమెగి అనే ఎండుచేప కోసం జనం ఎగబడేది ఆ చలిలోనే కాబట్టి కొంత, మా ఆయనా ఆయన స్నేహితులూ వెల్లుల్లితో జట్టు కట్టేది కూడా అప్పుడే కాబట్టి కొంత. ఎండుచేప ముక్కని సముద్రపు నాచులో చుట్టి, పచ్చిమిరపకాయా వెల్లుల్లీ పెట్టుకుని నోట్లో వేసుకుంటారని నేను కూర్చుని సన్నగా తరిగిపెడతాను. ఈ పెద్దమనుషులేమో ఆ ముక్కల్ని పళ్ళెం మీద వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక్కో ఆటగాడి పేరు పెట్టి, వాటి కోసం కొట్టుకు చస్తారు. తర్వాత ఆ ముక్కల్ని ఎవడూ తినడు. నేనే చెత్తబుట్టలో పారెయ్యాలి.

మా ఊరు పోహాంగ్, మా బేస్‌బాల్ జట్టు హ్యామర్స్. మా అబ్బాయి ముజిన్ ఆ జట్టులోనే రెండో క్యాచర్. గొప్ప కోసం చెప్పడం లేదు. మొదటి క్యాచర్ వేలు విరిగినప్పుడో, మ్యాచ్ ఎటూ పోయిందని తేలిపోయాకో మైదానంలోకి దిగేవాడే రెండో క్యాచర్. వాడు బ్యాటు పట్టుకుంటే నేనే కళ్ళు మూసుకుంటాను. కానీ పిచర్ విసిరిన బంతి ఎంత వంకరగా వచ్చినా వాడి చేతిలో చప్పుడు లేకుండా పడుతుంది. ఈ కొట్టు వెనక సందులో గోడకి బంతి కొట్టుకుంటూ పెరిగి, ఈ ఊరి జట్టుకే ఆడుతున్నాడు. వాడు జీవితంలో కోరుకున్నది అదొక్కటే. నిరుడు పెళ్ళి చేసుకున్నాడు, కోడలు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, కాపురం మాకు నాలుగు వీధుల అవతల. ఇంకేం కావాలి చెప్పండి.

ఆట లేని చలికాలంలో అభిమానులకి ఒకటే పని. ఒప్పందం తీరిపోయి ఏ జట్టుకైనా పోగలిగే ఫ్రీ ఏజెంట్లలో మనవాళ్ళు ఎవర్ని కొనాలి? కొంటే మన దగ్గర ఎవర్ని కాపాడుకోవాలి? మా జుక్‌దో బజారులో చేపలమ్మేవాళ్ళ దగ్గర్నించి పళ్ళ డాక్టరు దాకా అందరూ ఇందులో పండితులే.

మా ఆయన పేరు దొక్సు. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఏటా కొట్టులో బల్ల దగ్గర కూర్చోగానే ఆయన వేళ్ళు మొదట తీసే ముక్క ముజిన్‌ది. "ఇది మావాడు" అని పళ్ళెం నడిమధ్యన పెట్టాకే మిగతావాళ్ళ సంగతి. "హోమ్ రన్లు కొట్టేవాడి కంటే ముందా అన్నా?" అని టాక్సీ నడిపే ప్యో నవ్వేవాడు. "వెల్లుల్లి నాది, పళ్ళెం నాది, నీకేంట్రా నొప్పి?" అనేవాడు ఈయన. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ మాట వినడానికే నేను ఆ చుట్టుపక్కల బల్లలు తుడుస్తూ తిరిగేదాన్ని.

ఈ ఏడు బల్ల మీదికి కొత్త చుట్టం ఒకటి వచ్చింది. గాలాలూ వలలూ అమ్ముకునే యోంగ్మాన్ ఫోన్లో ఒక ఛానెల్ పెట్టాడు. మిరప పచ్చడి సీసాకి ఫోన్ ఆనించి, పళ్ళెమూ మొహాలూ కనపడేట్టు సర్ది, "హ్యామర్స్ కుటుంబానికి నమస్కారం!" అని మొదలెట్టాడు. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తూ మాటలు రాస్తుంటారట. మా ఆయన జుట్టు తడిచేసుకుని దువ్వుకున్నాడు. పెళ్ళిచూపులకి కూడా అలా దువ్వుకోలేదు మహానుభావుడు.

"తాక్ సంగ్హోని కొనాల్సిందే" అన్నాడు యోంగ్మాన్. తాక్ అంటే జొంజు కైట్స్ జట్టులో పెద్ద హిట్టరు.

"వాడి మోకాళ్ళు చూశావా?" ప్యో లేచాడు. "నా టాక్సీ స్ప్రింగులు నయం! ఆ ముసలి మోకాళ్ళకి నాలుగేళ్ళ ఒప్పందమా? ఆఖరి ఏడు వాణ్ణి మైదానానికి నేనే మోసుకెళ్ళాలి."

"హోమ్ రన్ కొట్టినోడు పరిగెత్తక్కర్లేదురా నాయనా. తీరిగ్గా నడిచొస్తే చాలు."

"నా మాటినండి" అన్నాడు ప్యో. "ఎడమచేతి పిచర్ మెంగ్‌ని తెచ్చుకుందాం. వాడు చిన్న గ్రేడు, వాడికి బదులు మనిషిని ఇవ్వక్కర్లేదు. తాక్‌ని తెస్తే ఊరికే వస్తాడా? మనం ఇరవైమందిని కాపాడుకుంటాం, సరే. మిగిలినోళ్ళలో ఎవణ్ణి కావాలంటే వాణ్ణి జొంజువాళ్ళు పట్టుకుపోతారు. అది మర్చిపోయి మాట్లాడకు."

"పోనియ్యవయ్యా! ఇరవై పోగా మిగిలేది పొట్టే కదా" అనేసి యోంగ్మాన్ నాలిక్కరుచుకున్నాడు. నేను చేపలు కోసే కత్తితో వాడి పక్కనే నిలబడి ఉన్నాను మరి.

"వదినా, అది మనవాణ్ణి ఉద్దేశించి కాదు" అన్నాడు.

"ఎవరన్నారు మావాడినని?" అన్నాను. కత్తి మాత్రం కింద పెట్టలేదు.

మా ఆయన తాక్ వైపే మొగ్గాడు. ఆయన అటు తిరిగాక ఇక ప్యో మాట చెల్లదు. ముక్కలు పేర్చడం మొదలైంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన వేళ్ళు గిన్నెలోకి వెళ్ళాయి, ఒక ముక్క తీశాయి, ఫోన్ ముందు ఒక్క క్షణం ఆగాయి. "మన మొదటి పిచర్" అని దాన్ని నడిమధ్యన పెట్టాడు. నాకు ఎక్కడో చివుక్కుమంది. ఏదో మర్యాదకి, తర్వాత పెడతాడులే అనుకున్నాను.

పిచర్లయ్యారు, ఫీల్డర్లయ్యారు, మొదటి క్యాచరయ్యాడు. పంతొమ్మిది ముక్కలు కూర్చున్నాయి. ఇక ఒక్క చోటుంది. ప్యో మంచివాడు, ముక్క తీసి "ఇది ముజిన్‌ది. క్యాచర్లు దొరకరు అన్నా, రెండోవాడైనా వదులుకోకూడదు" అన్నాడు.

మా ఆయన ఆ ముక్కని వేలితో పక్కకి నెట్టాడు.

"ఇదేమన్నా విందు భోజనమా, చుట్టాల్ని ముందు కూర్చోబెట్టడానికి?" అన్నాడు ఫోన్‌ వైపు చూస్తూ, ఏదో సభలో మాట్లాడేవాడిలా. "కొత్త పిల్లాడు ఓక్‌ని పెట్టు. ఏం విసురుతున్నాడు బంతి! జట్టు ముందు, కొడుకు తర్వాత. అయినా పదిసార్లు బ్యాటు పడితే రెండుసార్లు కూడా కొట్టలేని క్యాచర్ కోసం ఎవడొస్తాడు?"

ఫోన్లో మాటలు వరదలా వచ్చిపడ్డాయి. యోంగ్మాన్ గొంతు వణికించుకుంటూ చదివాడు. 'ఇదీ అసలైన అభిమాని అంటే.' 'పెద్దాయనకి దండం.' 'కన్నీళ్ళొచ్చాయి.' మా ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆ వయసులో మనిషికి అంత సంతోషం రాగా నేను చూడలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. వాళ్ళకది పుల్లటి చోజాంగ్ పచ్చడి తేవడానికి వెళ్ళినట్టు కనిపించింది కాబోలు, "వదినా, కాస్త ఎక్కువే తెండి" అని అరిచారు.

వీడియోలో ఆ ముక్కని కత్తిరించి ఎవరో ఊరంతా తిప్పారు. 'కొడుకుని పక్కన పెట్టిన తండ్రి' అని పేరు కూడా పెట్టారు. బజారులో జనం మా ఆయన భుజం తట్టి మరీ పోయారు. స్క్విడ్లమ్మే ఆవిడ ఒక స్క్విడ్డు ఊరికే ఇచ్చింది. ఈయన వారం రోజులు నేలమీద నడవలేదు. "ముజిన్ చూశాడేమో, ఏమనుకుంటాడు?" అని నేనంటే, "వాడు ఆటగాడే, వాడికి తెలియదా? అయినా వాణ్ణి ఎవరు తీసుకుపోతారు, ముజిన్ అమ్మా! ఊరికే కంగారు" అని కొట్టిపారేశాడు. ముజిన్ ఆ వారం ఫోన్ చెయ్యలేదు. శిక్షణలో ఉన్నాడులే అనుకున్నాను, అనుకోక ఏం చెయ్యను.

అభిమానులంతా కోరినట్టే హ్యామర్స్ తాక్‌ని కొన్నారు. మా కొట్టులో ఆ సాయంత్రం పండగే. రెండు వారాలకి జొంజువాళ్ళు తమకి రావలసిన మనిషిని ఎంచుకున్నారు. వాళ్ళ క్యాచర్ భుజానికి ఆపరేషనట. ఆ సంగతి ఈ పండితుల్లో ఒక్కడికీ తెలియదు.

నాకు చెప్పింది స్క్విడ్ల ఆవిడ. "అయ్యో, ముజిన్ జొంజుకి పోతున్నాడటగా!" అంది, అటునుంచి నడిచొస్తూనే. నా చేతిలోని చేపల బుట్ట అక్కడే జారిపోయింది. కన్నతల్లికి కబురు స్క్విడ్ల కొట్టు నుంచి రావాలా? క్లబ్బువాళ్ళ ఇరవైలోనూ వాడు లేడట. కాదనడానికి వీల్లేదు, ఎంచుకున్నాక పోవాల్సిందే, అది వాళ్ళ నియమం. కోడలు ఉద్యోగం ఇక్కడ, వాడు దేశానికి ఆ చివర.

మర్నాడు మధ్యాహ్నం ముజిన్ వచ్చాడు. కొట్టులో ఎవరూ లేరు. వాడికిష్టమని వేడివేడిగా చేపల పులుసు పెట్టాను. వాడు తల వంచుకుని తిన్నాడు. మా ఆయన ఎదురుగా కూర్చుని, ఉన్న మాటలన్నీ పోగేసుకుని, "అక్కడైతే నీకు రోజూ ఆట దొరుకుతుందిరా. ఒకరకంగా మంచిదే" అన్నాడు.

"అవును నాన్నా."

"తాక్‌లాంటోడికి బదులు అడిగారంటే మాటలా? నీ విలువ తెలిసినోళ్ళు."

ముజిన్ చెంచా కింద పెట్టాడు. "నాన్నా, ఒకటడుగుతా, నిజం చెప్పు. క్లబ్బువాళ్ళని నేనేం అనను, అది వాళ్ళ లెక్క. ఆ రోజు ఎదురుగా ఫోన్ లేకపోతే నన్ను ఇరవైలో పెట్టేవాడివా?"

మా ఆయన బల్లమీద లేని మరకని వేలితో రుద్దాడు.

"లేదురా" అన్నాడు. "ఉన్నా లేకపోయినా అంతే. ఆట ఆటే కదా."

ముజిన్ మొహం పాలిపోయింది. అయినా తలూపాడు, డాక్టరు చెడ్డ కబురు చెబితే బయటపడకుండా తలూపే మనిషిలాగే. అరికాలి మంట నా నెత్తికెక్కింది. ఆ అబద్ధం నా కళ్ళముందే ఆడతాడా?

"అబద్ధం!" అన్నాను. "ముజిన్, విను. ఏటా ఈ బల్ల మీద మీ నాన్న పెట్టే మొదటి ముక్క నీదే. నువ్వు ఆడని ఏడు కూడా. నడిమధ్యన నువ్వు కూర్చున్నాకే మిగతావాళ్ళు. ఈ ఏడే, ఆ దిక్కుమాలిన ఫోన్ కోసం, ముక్కూమొహం తెలియనోళ్ళు శభాష్ అంటారని చెయ్యి పక్కకి పోయింది. ప్యో నిన్ను పెడితే ఈయనే తోసేశాడు. కాదని చెప్పవయ్యా, చెప్పు!"

ఆయన కాదనలేదు.

ముజిన్ తండ్రి వైపు తిరిగాడు. "మరి ఇందాక లేదని ఎందుకన్నావు?"

"అవునంటే..." మా ఆయన మళ్ళీ ఆ లేని మరకనే రుద్దాడు. "అవునంటే మళ్ళీ నా మొహం చూడవని."

"లేదంటే చూస్తాననుకున్నావా?" అన్నాడు ముజిన్.

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. గిన్నె తనే తీసి వంటింట్లో పెట్టాడు, నా చెయ్యి పట్టుకుని నొక్కాడు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ అబద్ధాన్ని నమ్మనిస్తే మేలేమో, తండ్రి కంటికి నేనెన్నడూ ఆననని అనుకుని పోయేవాడు. ఇప్పుడు ఆనానని తెలిసి, అయినా అమ్ముడుపోయానని కూడా తెలిసి పోయాడు. ఇందులో ఏది తక్కువ బాధో నాకిప్పటికీ తేలలేదు. నోరు ఊరుకోలేదు, అంతే.

పది రోజులకి ప్యో, యోంగ్మాన్ మళ్ళీ వచ్చారు. మొహాలు వేలాడేసుకుని వచ్చినా, రెండు గుక్కలు సోజూ పడగానే పాత జబ్బు లేచింది.

"మనకిప్పుడు రెండో క్యాచర్ లేడు" అన్నాడు యోంగ్మాన్, సీసాకి ఫోన్ ఆనిస్తూ. "మార్కెట్లో ఇద్దరున్నారు. ఎవర్ని తెచ్చుకోవాలంటావన్నా? జనం నీకోసమే అడుగుతున్నారు."

నాకు కత్తి ఎక్కడుందో వెతుక్కోవాలనిపించింది. ప్యో యోంగ్మాన్ కాలు తొక్కాడు, బల్ల కదిలింది.

మా ఆయన ఫోన్ తీసి బోర్లా పెట్టాడు. ఖాళీ పళ్ళెం ముందుకి లాక్కున్నాడు. గిన్నెలోంచి ఒక వెల్లుల్లి ముక్క తీసి నడిమధ్యన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో ముక్క తియ్యలేదు.

"అన్నా," అన్నాడు ప్యో మెల్లగా, "వాడిప్పుడు మనవాడు కాదుగా."

"తెలుసు" అన్నాడు మా ఆయన.

ఏడుపు రాలేదు నాకు, కోపమే వచ్చింది. ఇప్పుడా పెట్టేది? పెట్టాల్సిన రోజు నెట్టేసి, ఇప్పుడెవరి కోసం? పళ్ళెం లాగి పారేద్దామని గబగబా దగ్గరికి వెళ్ళాను. తీరా వెళ్ళాక, ఆ ముక్కని తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.