ఎడమ పక్కకి తిప్పు

ముందు చీమల పని పట్టాలి. సూర్యకళ సీడీ ప్లేయర్‌ని ముంగిట్లోకి తెచ్చి బోర్లించి, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసింది. గాలి పోయే సన్నని కంతల్లోంచి ఎర్రచీమలు బిలబిలమంటూ దిగి, ఎటు పోవాలో తెలియక గచ్చు మీద గిరగిరా తిరిగాయి. ఆ పెట్టె బెల్లం మార్కెట్టులో గుమాస్తాగా చేసే బాబ్జిది. పగలంతా బెల్లం దిమ్మలు తాకిన చేతులతోనే దాని మీటలు నొక్కుతాడు, ఆ వేళ్ళతోనే సీడీలు మారుస్తాడు. చేతులు కడుక్కోవయ్యా అంటే కడుక్కున్నానంటాడు. మార్కెట్టు వాళ్ళ లెక్కలో కడుక్కోవడమంటే లుంగీకి తుడుచుకోవడమని సూర్యకళ అభిప్రాయం.

అది రిపేరుకి రావడం ఇది మూడోసారి. కొని ఎనిమిదేళ్ళు దాటింది, వెండిరంగు పోయి అంచుల్లో నల్లబడింది. ఆదివారం కదా అని పొద్దున్నే తెచ్చి గుమ్మంలో దింపి, "ఈసారి గానీ పాడకపోతే పాత సామాన్లోడికి ఇచ్చెత్తానక్కా. సెల్లుఫోన్లోనే పాటలు వత్తన్నాయి, ఇంకా ఇదెందుకు?" అన్నాడు బాబ్జి. నాలుగింటికి వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను ఊరికే అన్న మాటే. కానీ పొద్దుటినుంచి అది సూర్యకళని ఒక్కచోట కూర్చోనివ్వడం లేదు. ఆ నెలలో ఆ ఇంటికి రిపేరుకి వచ్చింది అదొక్కటే. తిండి సంగతి కాదు, బళ్ళో మధ్యాహ్న భోజనం వండే పని ఆమెకుంది. ఆమె బెంగంతా వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న మనిషి గురించి. చూడ్డానికి ఒక పెట్టయినా రాకపోతే ఆ మనిషి పొద్దున్న లేచి గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, అక్కడ దేనికోసం కూర్చోవాలి?

ఆమె మొగుడు త్రినాధరావు ఇరవై రెండేళ్ళు చౌక్ దగ్గర రిపేరు దుకాణం నడిపాడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆ తర్వాత సీడీ ప్లేయర్లు. ఆరేళ్ళ క్రితం కుడిచెయ్యి వణకడం మొదలై, ఏడాది తిరిగేసరికి ఎడంచెయ్యి కూడా దాని దారే పట్టింది. టంకం ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడేది. దుకాణం ఖాళీ చేసి బల్ల ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన చెప్పడం, ఆమె చెయ్యడం. "ఆ ఎర్ర తీగ పట్టుకో. ఇప్పుడు కాల్చు. సాలు." మొదటి ఏడాది ఆమె తీగల కంటే వేళ్ళే ఎక్కువ కాల్చుకుంది.

తర్వాత ఎప్పుడో, ఏ రోజో ఆమెకే తెలియదు గానీ, చేతులకి పని తెలిసిపోయింది. మూత తీసి చూస్తే జబ్బు ఎక్కడుందో ఆమెకి కనబడిపోయేది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. ప్రతి స్క్రూకీ, ప్రతి తీగకీ ఆగి, "ఇప్పుడేటి సెయ్యమంటావు బావా?" అని అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా ఆయన నడుము నిటారుగా అయ్యేది, గొంతులోకి దుకాణం నాటి దర్జా వచ్చేది. దాని కోసం ఆమె ఎన్నిసార్లయినా అడగ్గలదు. కాకపోతే జనం వచ్చి ఆమె ఎదుటే, "త్రినాధరావు సెయ్యి పడితే పెట్టె పాడక సత్తాదా?" అన్నప్పుడు మాత్రం, వేలి మీద పచ్చిగా ఉన్న బొబ్బని చూసుకుంటూ కొంచెం కడుపు మండేది. ఇంట్లో అబద్ధం తనే పెట్టుకుని ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

పన్నెండింటికి కరెంటు పోయింది. మళ్ళీ రెండింటికి గానీ రాదు. సూర్యకళ మూత విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో సీడీ తిరిగే చోట అంటుకున్న బెల్లం జిగురు తుడిచింది. కందిగింజంత లెన్సుని మరీ మెల్లగా తుడిచింది. లేచి గడియారం చూసింది. అన్నం వడ్డించింది. త్రినాధరావు రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేశాడు.

"ఏటి, సయించలేదా?"

"ఆకలి లేదే. టైమెంతయ్యింది?"

"ఇప్పుడే కదా అడిగేవు. ఒంటిగంటన్నర."

ఆయన గొంతు పొద్దుటినుంచీ పీలగా ఉంది. ఆసుపత్రికి వెళ్దామా అంటే రేపు చూద్దామన్నాడు. ఆమె గిన్నెలు తోమింది, తోమినవే మరోసారి కడిగింది. వసారాలోకి వచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఫ్యాను తిరగ్గానే ప్లగ్గు పెట్టడానికి పరుగెత్తింది.

బాబ్జి ఇచ్చిన భజన సీడీ పెట్టింది. అది సర్రున తిరిగింది, తడబడింది, ఆగింది. లోపల సీడీ లేనట్టే 'నో డిస్క్' అని అద్దంలో అక్షరాలు వెలిగాయి. రెండోసారీ అంతే. లెన్సుకి వయసు మీదపడింది, దాని వెలుగు చాలడం లేదు. ఇలాంటప్పుడు దాని పక్కనుండే ఆవగింజంత స్క్రూని తిప్పి వెలుగు పెంచాలి. దాన్ని ప్రీసెట్ అంటారు. కుడిపక్కకి వెంట్రుకవాసి తిప్పితే పెట్టె ఇంకో రెండేళ్ళు పాడుతుంది. ఎక్కువ తిప్పితే లెన్సు కాలిపోతుంది. ఎడమకి తిప్పితే ఉన్న వెలుగు కూడా పోతుంది. ఇదే రకం పెట్టెలు ఆమె చేతుల మీదుగా పది పన్నెండు వెళ్ళాయి.

అయినా సన్న స్క్రూడ్రైవరు పట్టుకుని, అలవాటు ప్రకారం అడిగింది. "ఇప్పుడేటి బావా?"

"ప్రీసెట్ సూడు. ఎడం పక్కకి తిప్పు. కొంచెమే."

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఎడం పక్కకేనా?"

"ఎడం పక్కకే. ఇన్నాళ్ళు సేసి ఇదడుగుతావేటి?"

ఆయన చేతులు పోయాయి, పోనీ. బుర్రలో ఉన్న పని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు అది కూడా పోతోందా? ఆయన చెప్పినట్టే తిప్పితే పెట్టె మూగబోతుంది, సాయంత్రం పాత సామాన్ల బండెక్కుతుంది, త్రినాధరావుకి పని మరపొచ్చిందని బాబ్జి మార్కెట్టంతా చెబుతాడు. కాదు కుడికి అంటే ఆ మాట తన నోటితోనే చెప్పినట్టవుతుంది. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లేచి, కొంగు దోపుకుని, ఆయనకి వీపు అడ్డం వచ్చేలా కూర్చుంది.

కుడికి తిప్పింది. వెంట్రుకవాసి. 'నో డిస్క్.' ఇంకో వెంట్రుకవాసి. సీడీ తిరిగింది, ఈసారి తడబడలేదు. ముందు తాళాలు, వెనకాల నలుగురు ఆడవాళ్ళ గొంతులు వసారా నిండా వచ్చేశాయి.

"పాడింది బావా," అంది వెనక్కి తిరక్కుండానే.

"ఎడం పక్కకే తిప్పేవా?"

"ఆ. ఎడం పక్కకే."

వెనక నుంచి నవ్వు వినబడింది. గాలి చాలక మధ్యలో దగ్గొచ్చింది గానీ నవ్వు ఆగలేదు. "ఎడం పక్కకి తిప్పితే అదెలాగ పాడతాదే, పిచ్చిదానా?"

సూర్యకళ అప్పుడు తిరిగి చూసింది. ఆయన కళ్ళు తేటగానే ఉన్నాయి. మతి పోయిన మనిషి చూపు కాదది, దుకాణంలో కుర్రమెకానిక్కుల తప్పులు పట్టుకునే మనిషి చూపు.

"మరి నాకలాగ ఎందుకు సెప్పేవు?"

"సూద్దామని. నేను సెప్పకుండానే పన్జెయ్యడం ఎన్నాళ్ళ బట్టి?"

"రెండేళ్ళు," అంది తల వంచుకుని.

"మూడు. తెల్దనుకున్నావేటి? నేను కునుకు తీసి లేచేసరికి పెట్టెలు పాడతుండీవి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు. ప్రతి స్క్రూకీ ఆగి, నోరు నొప్పెట్టేలా అడిగింది. "తెలిసి కూడా ఎందుకూరుకున్నావు మరి?"

త్రినాధరావు ఒళ్ళో వణుకుతున్న చేతుల్ని చూసుకున్నాడు. "నువ్వడుగుతుంటే బాగుండీది," అన్నాడు.

ఆమె కోపం ఉన్నచోటే ఉంది. మూత బిగించింది.

"మూతకంటించే సీటీ ఇటియ్యి, నేను రాత్తాను," అన్నాడాయన.

రిపేరు అయిన పెట్టెకి వెనక మూత అతుకు మీద చిన్న చీటీ అంటించడం త్రినాధరావు పద్ధతి. దాని మీద తారీకు, కింద బాగుచేసిన వాళ్ళ పేరు. ఇంకెవరైనా విప్పితే చీటీ చిరిగి దొరికిపోతారు. చేతులు పట్టు తప్పాక ఆ చీటీలు కూడా సూర్యకళే రాస్తోంది, ఆయన పేరు, ఆయన అక్షరాల వంపుతోనే. "నీకు సెయ్యి కుదరదు బావా," అందామనుకుంది, అనలేదు. పెన్నూ చీటీ ఇచ్చి, అడుగున అట్ట పెట్టి, టీ కాయడానికి లోపలికి వెళ్ళింది. రాయడానికి ఎలా అవస్థ పడతాడో చూడటం ఆమెకి ఇష్టం లేదు. టీలో అల్లం దంచి వేసింది. కావాలనే ఆలస్యం చేసింది.

టీ తెచ్చేసరికి ఆయన తల పక్కకి వాల్చి ఉన్నాడు. చేతులు కదలడం లేదు. నిద్రలో తప్ప ఆ చేతులకి వణుకు ఆగదు కాబట్టి నిద్రపోయాడనుకుంది. పాట సౌండు తగ్గించింది. ఆయన గ్లాసు మీద పళ్ళెం మూసి, గడప మీద కూర్చుని తన టీ తాగింది. పొద్దుటినుంచి మొదటిసారి ఒక్కచోట కుదురుగా కూర్చుంది. మూడు పాటలు విన్నది. రేపటినుంచి ఎలా మాట్లాడుకోవాలో ఆలోచించింది. తెలిసిపోయినా అడుగుదామనుకుంది, తను అడుగుతుంది, ఆయన చెబుతాడు, ఇద్దరూ నవ్వుకుంటారు.

నాలుగింటికి బాబ్జి వచ్చాడు. వీధిలోంచే పాట విని, "పాడతందే!" అన్నాడు. "బావని లేపకక్కా, పడుకోనీ."

"టీ సల్లారిపోతంది," అంటూ సూర్యకళ వెళ్ళి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత చెయ్యి అక్కడే ఉంచేసింది. "బాబ్జీ, ఆయన లేరు," అంది మామూలు గొంతుతో.

బాబ్జి చెప్పులు వదిలేసి నలుగురిని పిలవడానికి వీధిలోకి పరుగెత్తాడు. సూర్యకళ పాట ఆపింది. ఆయన కుడి అరచేతి కింద చీటీ ఉంది. దాని మీద తారీకు ఒక అంకె మీద ఒకటి ఎక్కి, ఏదీ సరిగ్గా కనబడటం లేదు. కింద పేరు మాత్రం, ఎంత సేపు పట్టిందో, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది. సూర్యకళ. చివరి అక్షరం తోక చీటీలో పట్టక, అట్ట దాటి, కుర్చీ చేతికర్ర మీదకి నీలంగా పాకింది.