తాతగారి గుహ

పొద్దున్నే లిఫ్టు మెకానిక్కైన మొగుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళాక, పిల్ల బడికి వెళ్ళాక, రాళ్ళక్క వెనకగదిలో థర్మోకోల్ ముందేసుకుని కూర్చునేది. గాజుపెట్టెల్లో తొండల్నీ తాబేళ్ళనీ పెంచుకునేవాళ్ళకి, ఆ పెట్టెల్లో పట్టేంత కొండలు చేసివ్వడం ఆవిడ పని. థర్మోకోల్ ముక్కలు అతికించి, కత్తితో చెక్కి, పైన సిమెంటు పల్చగా పూత మీద పూత వేసి, గట్టిపడ్డాక నీళ్ళలో నానబెట్టి కడిగి, రంగులద్ది, రంగు తడిగా ఉండగానే ఇసక చల్లేది. చివరికి చెంప ఆనించి చూసేది. తన చెంపకి గుచ్చుకునేది వాటి పొట్టకీ గుచ్చుకుంటుంది కదా అని, మళ్ళీ గరుకుకాగితం తీసేది. ఆ చెంప మీద ఎప్పుడూ ఏదో ఒక గీత ఉండనే ఉండేది.

చూడ్డానికవి బండరాళ్ళు, ఎత్తితే దూదిమూటలు. అయితే ఆవిడ రాళ్ళకి ఒక గుణం ఉంది. వాటి ఒళ్ళో ఓ ప్రాణి ఏ బెంగా లేకుండా ఒక్కసారి నిద్రపోయిందంటే, ఆ రాయి నిజం రాయి అయిపోతుంది. అందరికీ తెలిసిన సంగతే. జంతువుల కొట్టాయన అమ్మేటప్పుడే "బల్ల గట్టిది చూసుకోండి" అని చెప్పి మరీ ఇచ్చేవాడు. అయినా వినకుండా తీసుకెళ్ళినవాళ్ళు నాలుగురోజులు పోయాక వచ్చి, "అక్కా, మా బల్ల కాళ్ళు విరిగాయి!" అని లబోదిబోమనేవాళ్ళు.

"అయితే మీ తాబేలు సుఖంగా ఉందన్నమాట," అనేది రాళ్ళక్క. వాళ్ళు ఆ మాటకి మెత్తబడి, దెబ్బలాటకొచ్చిన సంగతి మర్చిపోయి వెళ్ళిపోయేవాళ్ళు.

బయట ఇంత పేరున్న మనిషికి ఇంట్లో మాత్రం పప్పులుడకలేదు.

మెకానిక్కు మొదటి భార్య జబ్బుచేసి పోయింది. రాళ్ళక్కని పెళ్ళి చేసుకుని అతను ఈ ఇంటికి మారినప్పుడు, తొమ్మిదేళ్ళ కూతురు ఒక పెట్టెడు బట్టలతోనూ, ఒక గడ్డం తొండతోనూ వెంట వచ్చింది. మెడ కింద గరుగ్గా గడ్డం ఉండబట్టి తొండ పేరు తాతగారు. పిల్ల దాన్ని ఏనాడూ ఏకవచనంలో పిలిచి ఎరగదు. "తాతగారు భోంచేయలేదు," "తాతగారు కోప్పడ్డారు," అనేది. ఆ ఇంట్లో పిల్ల మన్నించి పిలిచేది ఇద్దర్నే, తాతగారినీ రాళ్ళక్కనీ. తండ్రిని నువ్వనేది, వచ్చి చూసిపోయే తల్లి తరపు పెద్దమ్మని నువ్వనేది, పోయిన తల్లిని తల్చుకుని తనలో తను మాట్లాడుకునేటప్పుడూ నువ్వే. రాళ్ళక్కకి మాత్రం అన్నిటికీ అండి. "ఆకలేస్తోందండి." "జడ నేనే వేసుకుంటానండి." తొండకి ఆ మర్యాద ముద్దుకొద్దీ దక్కింది. తనకెందుకు దక్కిందో రాళ్ళక్కకి తెలుసు. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

అలమరలో పిల్లకోసం ఖాళీచేసిన అర ఖాళీగానే ఉంది. బట్టలు పెట్టెలోంచి తీసుకోవడం, ఉతికినవి మడతపెట్టి మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టుకోవడం. బడికి సెలవులిచ్చాక పెద్దమ్మ వస్తుంది. ఆవిడతో వెళ్ళి అక్కడే ఉండి చదువుకోవడమా, ఇక్కడ ఉండటమా, నీ ఇష్టమేనని పెద్దవాళ్ళంతా పిల్లకే వదిలేశారు. పిల్ల అవుననలేదు, కాదనలేదు. "తాతగారికి ఇక్కడ నిద్ర పట్టట్లేదు," అంది, అంతే.

అది నిజం. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ తొండ గాజుపెట్టె మూలకి నక్కి, ఒక కన్ను తెరుచుకునే కునికిపాట్లు పడేది.

అందుకని రాళ్ళక్క తాతగారికో కొండ మొదలుపెట్టింది. దీపం కింద వెచ్చగా కూర్చోవడానికి ఒక అరుగు, రెండోపక్క చల్లగా దాక్కోవడానికి ఒక గుహ. ఎన్నడూ లేనిది, లోపలంతా తొలిచేసి మరీ చేస్తోంది.

"ఇదేంటి, ఊదితే ఎగిరిపోయేలా ఉంది?" అన్నాడు మెకానిక్కు.

"వదినగారి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదన్నారుగా," అంది చెక్కుతూనే. "పిల్ల వెళ్తే ఇదీ వెళ్ళాలి. మోసుకెళ్ళడానికి తేలిగ్గా ఉండొద్దూ?"

అతను నేలమీది థర్మోకోల్ పొట్టు ఊడ్చి వెళ్ళాడు. గుమ్మం అవతల పిల్ల, తాతగార్ని భుజానెక్కించుకుని, ఆ మాటలన్నీ విన్నది.

కొండ తయారైంది. వాసన పోయేదాకా ఆరబెట్టి పెట్టెలో పెట్టారు. తాతగారు అరుగెక్కారు, దిగారు. గుహలోకి వెళ్ళారు, తిరిగి బయటికొచ్చారు. పోయి మూలకే నక్కారు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. రాళ్ళక్క రోజూ వేలు పెట్టి ఎత్తి చూసేది. కొండ వేలిమీదే లేచేది. ఇన్నేళ్ళ పనిలో ఇలా ఎప్పుడూ కాలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. తన చేతిలో పనితనం పోయిందని కాదు, తన ఇంట్లోనే ఏదో లోటుందేమోనని.

సెలవులిచ్చారు. పెద్దమ్మ వచ్చే ఆదివారం ఇక దగ్గర్లోనే ఉంది. ఓ మధ్యాహ్నం పిల్ల వెనకగది గుమ్మంలోకొచ్చి, "గుహ పెద్దదైపోయిందండి," అంది.

"తాతగారు ఇంకా పెరుగుతారు కదమ్మా, అని కాస్త వదులుగా ఉంచాను. స్కూలు గౌను కుట్టించినట్టు."

"అలా కాదండి. వారికి వీపు తగలాలి. పైన రాయి వీపుకి ఆనితే, ఎవరో ఉన్నట్టుంటుంది. లేకపోతే భయమండి."

రాళ్ళక్క కత్తి కింద పెట్టేసింది. ఎవరెవరి తొండలకో కొలిచి, వీపు ఆనేంత గుహలు చేసిన మనిషి. ఈ ఒక్కటీ తన పిల్లది కదా అని, కొలత పక్కనపెట్టి ప్రేమకొద్దీ వదులు చేసింది.

"సరిచేద్దాం," అంది. "లోపల పైకప్పుకి మళ్ళీ పూతలు వేయాలి. కానీ గుహ గుమ్మంలోంచి నా చెయ్యి పట్టదే."

పిల్ల తన చెయ్యి తిప్పి చూసుకుంది. "నాది పడుతుందండి."

రాళ్ళక్క సిమెంటు కలిపింది. పిల్ల చేతికి తన గ్లౌజు తొడిగి, జారిపోకుండా మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసింది. పిల్ల నేలమీద బోర్లా పడుకుని, నాలిక బయటపెట్టి, గుహ పైకప్పుని చేత్తో తడుముతూ మెత్తింది. ఒక పూత ఆరితేగాని ఇంకోటి వేయకూడదు. గోడల నిండా థర్మోకోల్ పలకలు, ఆనుకోవడానికి చోటు లేదు. రాళ్ళక్క నేలమీద కూర్చుంటే, పిల్ల అటు తిరిగి, ఆవిడ వీపుకి తన వీపు ఆనించి కూర్చుంది. ఆ మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి.

ఒకరోజు వెనక నుంచి మాట వినిపించలేదు. పిల్ల నిద్రపోయింది. రాళ్ళక్క కదిలితే ఒట్టు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పొయ్యిమీద పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. పోతే పోయాయిలే అనుకుంది. ఇంటికొచ్చిన మెకానిక్కు పొయ్యి కట్టేసి, వెనకగదిలోకి తొంగిచూసి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వెనక్కి వెళ్ళాడు.

గట్టిపడ్డ గుహని నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, శనివారం పొద్దున పెట్టెలో పెట్టారు.

ఆదివారం పెద్దమ్మ వ్యానుతో సహా దిగింది. "ఏమ్మా, సర్దుకున్నావా?" అని పిల్లని దగ్గరికి తీసుకుంది. బట్టల పెట్టె సిద్ధంగానే ఉంది. మెకానిక్కూ, వ్యాను డ్రైవరూ గాజుపెట్టె చెరోవైపు పట్టుకుని లేపబోయారు. అది ఉన్నచోటి నుంచి మిల్లీమీటరైనా కదల్లేదు. పెద్దమ్మ కొంగు దోపుకుని తనూ ఓ చెయ్యి వేసింది. ఊహూ.

"ఇది మనుషులెత్తే బరువు కాదు వదినగారూ," అన్నాడు మెకానిక్కు. బరువుల సంగతి అతనికి తెలుసు. అప్పుడు చూశారు అందరూ, బల్ల కింద కొత్తగా బిగించిన ఇనపకాళ్ళు.

"ఇవెప్పుడు పెట్టావు నాన్నా?" అంది పిల్ల.

"మొన్నామధ్య. పాలు మాడిన రోజున," అన్నాడు ఎటో చూస్తూ.

పెద్దమ్మ వంగి గాజులోంచి చూసింది. గుహలో తాతగారు వీపు పైకప్పుకి ఆనించి, రెండు కళ్ళూ మూసుకుని, గడ్డం నేలకేసి పడుకుని ఉన్నారు. ఆవిడ చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"ఎప్పుడు పడుకున్నారే వీరు?"

"నిన్ననే పెద్దమ్మా."

"తెలిసీ చెప్పలేదేం?"

"నువ్వే చూస్తావుగా అని." పిల్ల ఆవిడ చేతివేళ్ళు పట్టుకుంది. "తాతగార్ని ఒంటరిగా వదిలేసి ఎలా రాను?"

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "రాకపోతే నేనే వస్తూ ఉంటాను," అని, రాళ్ళక్క భుజం మీద చెయ్యి వేసి, "చెల్లీ, చెంప మీద ఆ గీతేంటి? కాస్త నూనె రాసుకో," అంది. ఖాళీ వ్యాను వెళ్ళిపోయింది.

రాళ్ళక్క వెనకగదిలోకొచ్చి, నేలమీద కూర్చుని, చేతికందిన థర్మోకోల్ ముక్క చెక్కసాగింది. ఏం చెక్కుతోందో ఆవిడకే తెలీదు. లోపలి గదిలో బట్టల పెట్టె తెరిచిన చప్పుడైంది. తర్వాత అలమర తలుపు కిర్రుమంది. గౌన్లు ఒక్కొక్కటే అరలోకి వెళ్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

కాసేపటికి పిల్ల వచ్చి, అటు తిరిగి వీపు ఆనించి కూలబడింది.

"కొంచెం జరుగు," అంది.

ఆ మాట చివర అండి కోసం రాళ్ళక్క అలవాటు కొద్దీ ఎదురుచూసింది. అది రాలేదు. ఆవిడ జరిగింది.